పేతురు కుర్చీ

ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిన గుర్తుగా, పవిత్ర గురువారం నాడు మా ఊరి చర్చిలో పన్నెండు మంది అపొస్తలుల కాళ్ళు కడుగుతారు. నిజానికి కడగడానికి అక్కడేమీ మిగలదు. అపొస్తలుల వేషం కట్టే మగవాళ్ళంతా పొద్దున్నే ఇంట్లో కాళ్ళు నానబెట్టుకుని, రాయితో రుద్దుకుని, గోళ్ళు తీసుకుని, కొత్త మేజోళ్ళు తొడుక్కుని మరీ వస్తారు. ప్రభువు కడిగినవి దుమ్ము కొట్టుకున్న కాళ్ళర్రా అని ఫాదర్ అన్సెల్మో ఏటా ప్రసంగంలో మొత్తుకుంటాడు. ఎవరు వింటారు? ఊరంతా చూస్తుండగా మొగుడు మట్టి కాలు చాపితే తలవంపులు పెళ్ళానికి కదా. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ పొద్దున మా ఆయన మడమలు అద్దంలా చేసి పంపించే పని నాది.

మా ఆయన పేరు క్రిసాంతో. ఆయనది పేతురు కుర్చీ. వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. వరసలో ఆఖరిది, మిగతావాటికన్నా కాస్త ఎత్తు. అందరి వంతూ అయ్యాక పేతురు చెయ్యి అడ్డం పెట్టి, "నా కాళ్ళు మీరు కడగడమా? వీల్లేదు, చచ్చినా వీల్లేదు!" అనాలి. కడిగేవాళ్ళు, "కడగనివ్వకపోతే ఇక నీకూ నాకూ సంబంధం లేదు" అనాలి. అప్పుడు పేతురు దిగొచ్చి, "అయితే కాళ్ళే కాదు, చేతులూ తలా కూడా కడగండి స్వామీ!" అంటూ కాలు చాపాలి. జనం చప్పట్లు కొట్టాలి. అలా సువార్తలోని ముచ్చటని మావాళ్ళు నాటకం చేసుకున్నారు. ఆ "వీల్లేదు" మా ఆయన అన్నంత బాగా ఈ కొండల్లో ఇంకెవరూ అనలేరని పేరు. ఎందుకు రాదూ! ఇంట్లో నా మీద రోజూ సాధన చేస్తాడు.

ఇక నికనోరా సంగతి. సంతలో పొసోలే అమ్ముతుంది. పందికాళ్ళు, మొక్కజొన్న గింజలు వేసి మరిగించే ఆ పులుసు కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా వస్తారు. మొగుడు లేడు, పిల్లల్లేరు, నోట్లోంచి మాట ఊడిపడదు. మా ఊళ్ళో ఏడాదికొకరు చర్చి సేవ నెత్తికెత్తుకుంటారు. తుడవడం, పూలు, కొవ్వొత్తులు, పవిత్ర గురువారం నాడు అపొస్తలులకి భోజనం, అన్నీ వాళ్ళవే. దాన్ని మేం "బరువు" అంటాం. ఆ ఏడు పంటలు పోయి ఎవరూ ముందుకు రాలేదు. చర్చి సంఘం కూర్చున్న చోట అందరూ నేల చూపులు చూస్తుంటే నికనోరా లేచి, "నేను మోస్తాను" అంది.

సంఘం పెద్ద మా ఆయనే. ఒంటికాలి మీద లేచాడు. "పంది కొవ్వు కంపు కొట్టే చేతుల్తో ప్రభువు బల్ల తుడుస్తావా? సంతలో బల్లనుకున్నావా?" అన్నాడు.

నాకు సిగ్గేసి శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాను. నికనోరా మాత్రం తన చేతులకేసి ఒకసారి చూసుకుని, "బాగా కడుక్కునే వస్తానన్నా" అంది. అంతే. ఫాదర్ బరువు ఆమెకే ఇచ్చాడు. ఆ రోజునించీ మా చర్చి నేల మీద పాలు ఒలికితే ఎత్తుకుని తాగొచ్చు, అంత శుభ్రం. ఆ ముక్క పైకి అనడానికి మాత్రం మా ఊళ్ళో ఎవరికీ నోరు రాలేదు.

గురువారానికి నాలుగు రోజుల ముందు, మట్టల ఆదివారం నాడు ఫాదర్ అన్సెల్మో పూజ అయ్యాక బల్ల పట్టుకుని నిలబడి, "నా మోకాళ్ళు వాచాయి. వంగానంటే మళ్ళీ నన్ను లేపడానికి పన్నెండు మంది అపొస్తలులూ కావాలి. ఈసారి కాళ్ళు బరువు మోసేవాళ్ళే కడుగుతారు" అన్నాడు.

చర్చిలో అందరి తలలూ మా వైపు తిరిగాయి. మా ఆయన మొహం పాలిపోయింది. మా పక్కింటి హసింత ఉంది చూశారూ, దాని నోట్లో నువ్వుగింజ నానదు, నా చెవిలో దూరి, "పందికాళ్ళు గోకే చేతులు పేతురు కాలికి తగులుతాయన్నమాట! దేవుడు తిక్కలోడే వదినా!" అని కిసుక్కున నవ్వింది.

ఇంటికొచ్చాక మా ఆయన కాఫీ కూడా తాగలేదు. "నేనీ ఏడు కూర్చోను" అన్నాడు.

"ఎందుకు కూర్చోవు? అన్న మాటకి ఇప్పుడు గుండె గుబగుబలాడుతోందా?" అన్నాను.

"నీకేం తెలీదు, నోర్ముయ్."

"తెలీకేం? పండగ ముందు నలభై రోజుల తపస్సు కాలమంతా ఆవిడ పంది ముట్టలేదు, చిక్కుడు గింజల చారు అమ్ముకుంటోంది. ఆ చేతులు నీ చేతులకన్నా శుభ్రంగా ఉన్నాయి. కూర్చోకపోతే ఊరు నవ్వుతుంది. ఆపైన నీ ఇష్టం."

ఊరు నవ్వుతుందంటే చాలు, మా ఆయన చెప్పిన చోట కూర్చుంటాడు. ఆయన బాధ పాత మాట గురించేననుకున్నాను. ఊరూ అదే అనుకుంది. ఒక్క సంగతి మాత్రం నాకు ముల్లులా గుచ్చుకుంటూ ఉంది. కొన్నాళ్ళుగా ఆయన మేజోళ్ళతోనే పడుకుంటున్నాడు. ఎండలు మండుతుంటే చలంటాడు. గురువారం పొద్దున నేను రాయీ వేన్నీళ్ళూ పట్టుకెళితే గది గడియ వేసుకుని, "నేనే కడుక్కుంటాను, పో" అన్నాడు. బయటికొచ్చాక ఒళ్ళంతా నీలగిరి తైలం వాసన. అపొస్తలుడు కాదు, మందుల కొట్టు నడిచొచ్చినట్టుంది.

ఆ సాయంత్రం చర్చిలో ఇసుక వేస్తే రాలదు. నికనోరా తెల్ల లంగా, నల్ల శాలువా వేసుకుని, పింగాణీ బేసినుతో మొదటి అపొస్తలుడి ముందు మోకరించింది. ఫాదర్‌గారైతే చెంచాడు నీళ్ళు వేళ్ళ మీద చిలకరించి, తువ్వాలు తాకించి, కళ్ళజోడు సర్దుకుంటూ పక్కకి జరిగిపోయేవాడు. ఈవిడలా కాదు. కాలిని ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళ సందులు, మడమ, చీలమండ అన్నీ తోమింది. ముసలి తిబుర్సియోకి కితకితలు పుట్టి కుర్చీలోంచి జారబోయాడు. "అమ్మా తల్లీ, చాలు, ఇంకా ఉడకబెట్టాలా ఏంటి!" అన్నాడు. పిల్లలు గొల్లుమన్నారు. ఆవిడ నవ్వకుండా తుడిచి, పాదానికి ముద్దు పెట్టి, మేజోడు తనే తొడిగి, పక్క కుర్చీకి జరిగింది. ఒకరి తర్వాత ఒకరుగా మగాళ్ళ మొహాలు మారిపోవడం చూశాను. అంతవరకు మీసాలు మెలేసుకున్నవాళ్ళు చిన్నపిల్లల్లా కుదురుగా కూర్చున్నారు. ఆవిడ వేషం వెయ్యడం లేదు, నిజంగానే కడుగుతోంది. అది వాళ్ళకి కాళ్ళతో తెలిసింది.

ఆఖరికి పేతురు కుర్చీ ముందు మోకరించింది.

"నా కాళ్ళు నువ్వు కడగడమా? వీల్లేదు, చచ్చినా వీల్లేదు!" అన్నాడు మా ఆయన.

"కడగనివ్వకపోతే ఇక నీకూ నాకూ సంబంధం లేదు" అంది నికనోరా.

ఇక్కడ ఆయన దిగిరావాలి. రాలేదు. "వీల్లేదన్నానా!" అన్నాడు మళ్ళీ. జనం మురిసిపోయారు. "అబ్బ, ఏం రక్తి కట్టిస్తున్నాడే!" అంది నా వెనక ఎవరో. నికనోరా తన మాట మళ్ళీ చెప్పింది. ఆయన "వద్దు" అన్నాడు, ఈసారి బాగా చిన్నగా. నేను మూడో బల్లలో ఉన్నాను. కుర్చీ చేతుల్ని పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడిపోయాయి. ఎన్ని "వీల్లేదు"లు విన్నాను నేను! ఇది వాటిలోది కాదు. ఆయన భయపడుతున్నాడు. ఎందుకో తెలియక నాకూ భయం పట్టుకుంది.

నికనోరా తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. ఆ తర్వాత శాలువా తల మీంచి తీసి, ఆయన మోకాలి మీంచి బేసిను దాకా కప్పి, తన తల కూడా దాని కిందికి దూర్చింది. లోపల ఏదో గొణిగింది. ఎంతో సేపటికి గుడ్డ కదలడాన్ని బట్టి ఆయన కాలు ఎత్తాడని తెలిసింది. శాలువా కింద ఏం జరిగిందో ఎవరికీ కనిపించలేదు. మిగతా వాళ్ళకన్నా రెట్టింపు సేపు కడిగింది. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, చెంపల మీంచి నీళ్ళు కారుతున్నాయి. "చేతులూ తలా కూడా" అనడమే మర్చిపోయాడు. అయినా చర్చి అదిరేలా చప్పట్లు కొట్టారు. అంత గొప్ప పేతురుని మా ఊరు ముందెన్నడూ చూడలేదట.

మర్నాడు మంచి శుక్రవారం, ప్రభువుని సిలువ వేసిన రోజు. మా ఊళ్ళో ఆ రోజు పొయ్యి వెలిగించరు, చీపురు పట్టరు, బండి కదల్చరు. తలుపు తీసేసరికి నికనోరా మా గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన చెంబులో పొగలు కక్కే నీళ్ళు.

"ఇవాళ పొయ్యి వెలిగించావా!" అన్నాను తెల్లబోయి.

"వెలిగించాను వదినా. అన్నని పిలు."

మా ఆయన గది లోంచే కేకేశాడు. "దానికిక్కడేం పని? కడగడం నిన్ననే అయిపోయిందిగా! పొమ్మను!"

"అయిపోలేదన్నా" అంది ఆమె గుమ్మంలోంచే. "నా బరువు ఏడాది. ఈ ఏడు పన్నెండు మంది కాళ్ళూ నావే. పదకొండు మందివి బాగున్నాయి."

"ఏంటే ఇది?" అని నేను ఆమె వైపు తిరిగాను. "ఆయన కాలికేమైంది? చెప్పు!"

"నేను చెప్పను వదినా. అన్నే చెప్తాడు. చెప్పేదాకా ఇక్కడే కూర్చుంటాను."

నిజంగానే కూర్చుంది. సిలువ ఊరేగింపు మా వీధిలోంచి వెళుతుంటే అందరూ మా గుమ్మం వైపు వింతగా చూశారు. ఆమె లేచి నిలబడి, సిలువకి దణ్ణం పెట్టి, మళ్ళీ కూర్చుంది. నీళ్ళు చల్లారిపోయాయి. లోపల ఆయన మంచం కిర్రుకిర్రుమంటూనే ఉంది. చివరికి "ఎఫిహేనియా" అని పిలిచాడు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం మర్చిపోయి ఎన్నేళ్ళయిందో.

మేజోడు తీసి చూపించాడు. షుగరు పుండు. బొటనవేలూ పక్కవేలూ నల్లబడిపోయి, కింద అరికాలు గుల్లయిపోయింది. ఆ వాసన తైలానికి లొంగే వాసన కాదు. నాకు కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. తేరుకున్నాక మాత్రం ఊరుకోలేదు.

"ఓరి నీ పౌరుషం తగలెయ్యా! కాలు కుళ్ళుతుంటే మేజోడు కప్పుకుని పడుకుంటావా? నేనేమైనా పరాయిదాన్నా? ఆ తీపి రొట్టెలొద్దని, ఆ సోడాలొద్దని నెత్తీ నోరూ కొట్టుకోలేదా?"

"ఫాదర్‌కి కళ్ళు సరిగ్గా కనిపించవు కదా, పండగ గడిచిపోతుందిలే అనుకున్నానే" అన్నాడు. "కాలు తీసేస్తారేమోనని..." అంటూ తల దించుకున్నాడు. అంత పెద్దమనిషి దుప్పటి అంచు నలుపుకుంటూ కూర్చుంటే నాకు కోపమెక్కడికి పోయిందో తెలియదు. నా చేత్తోనే ఆయన కళ్ళు తుడిచాను.

పట్నం ఆసుపత్రికి వెళ్ళాలి. మంచి శుక్రవారం బండి ఎవరు కడతారు? కూరగాయల లారీ ఉన్న గౌదెన్సియో చెంపలు వాయించుకున్నాడు. "పాపం చుట్టుకుంటుంది, ఇవాళ ఇంజను ముట్టుకోను" అన్నాడు.

నికనోరా అతనితో, "ప్రభువు సిలువ మోసిన రోజున నువ్వు ఒక మనిషిని మోస్తే పాపమట్రా? నీ చెయ్యి ముట్టకపోతే నేను తిప్పుతా తాళం" అంది. గౌదెన్సియో లారీ తీశాడు. ఆవిడ కేకలేయగలదని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని డాక్టరు చెప్పాడు. రెండు వేళ్ళతో వదిలింది. ఇంటికి పంపుతూ, పొద్దునా సాయంత్రం కడిగి కట్టు మార్చాలన్నాడు. నాకు చీము చూస్తే ఒళ్ళు తూలిపోతుంది, రెండుసార్లు బేసినులోనే పడబోయాను. మా ఆయన నర్సు మీద అరిచాడు, నా మీద అరిచాడు. నికనోరా మీద అరవడం మాత్రం చేతకాలేదు. అరిస్తే ఆమె మాట్లాడకుండా కూర్చుంటుంది. కూర్చున్న మనిషి లేవదని ఆయనకి తెలిసొచ్చింది.

పొద్దున సంతకి వెళ్ళే ముందు, సాయంత్రం సంత నుంచి వస్తూ వచ్చేది. వేన్నీళ్ళు, ఉప్పు, గుడ్డ. నేల మీద కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకునేది. ఒక్కనాడూ ముక్కు చిట్లించలేదు. మొదట్లో ఆయన గోడ వైపు మొహం పెట్టుకునేవాడు. పోనుపోను సంత కబుర్లు అడగడం మొదలుపెట్టాడు. ఆమె రాక కాస్త ఆలస్యమైతే, "ఇంకా రాలేదేంటే?" అని నన్ను వీధిలోకి తరిమేవాడు. ఒకసారి నేనడిగాను, ఆ రోజు శాలువా కింద ఏమందని.

"'అన్నా, ఇవి పంది కొవ్వు కంపు కొట్టే చేతులు. ఇంతకన్నా కంపుకి బెదరవులే. ఇటివ్వు' అంది" అన్నాడు. "ఎత్తిపొడుపేమో అనుకున్నాను. మొహం చూస్తే ఎత్తిపొడుపు లేదే. నాకు ధైర్యం చెప్పడానికి అన్న మాటే అది."

ఆ రాత్రి నా ప్రార్థనలో పరిశుద్ధుల పేర్ల వరసలో ఆమె పేరు కూడా కలిపాను. తప్పయితే దేవుడే దిద్దుకుంటాడు.

సంగతి బయటికి పొక్కనివ్వొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. కుంటుతుంటే కంచరగాడిద తొక్కిందని ఊరికి చెప్పాడు. మరి నికనోరా రోజూ రెండుపూటలా మా ఇంటికెందుకొస్తున్నట్టు? హసింత తేల్చేసింది. "చర్చి ముందు కొట్టు స్థలం మీద కన్ను పడింది దానికి. అది ఇచ్చేది సంఘం కదా, సంఘం పెద్దని కాకా పడుతోంది. చూడండి, కాళ్ళు కడిగి మరీ కాళ్ళబేరానికి వచ్చింది!" సంతలో ఆడవాళ్ళు ఆమె మొహం మీదే అనేవాళ్ళు. పొసోలే తినడానికొచ్చి, తింటూ అనేవాళ్ళు. నాకు నాలుక దురద పెట్టేది. "నేను చెప్పేస్తాను, నా వల్ల కాదు" అన్నాను నికనోరాతో.

"వద్దు వదినా. అన్న కాలు ఊరి నోట్లో పడితే ఈసారి మళ్ళీ దాచుకుంటాడు. నన్ననుకుంటే నాకేం పోయింది? రెండు గిన్నెలు ఎక్కువే అమ్ముడవుతున్నాయి" అని నవ్వేసింది. ఆ మాటలన్నీ మా ఆయన కిటికీలోంచి వింటూనే ఉన్నాడు.

ఏడాది తిరిగింది. నికనోరా బరువు దించి లెయొకాదియోకి అప్పగించింది. ఫాదర్ మోకాళ్ళు బాగుపడలేదు గనక ఈసారి కాళ్ళు కడిగేది లెయొకాదియో. గురువారం పొద్దున నేను రాయీ వేన్నీళ్ళూ పట్టుకెళితే మా ఆయన గడియ వెయ్యలేదు. మడమ రుద్దించుకున్నాడు. మేజోళ్ళు అందిస్తే మాత్రం వద్దన్నాడు. చెప్పులేసుకుని కర్ర పట్టుకుని బయల్దేరాడు. "పేతురు అలాగే వెళ్ళాడు" అన్నాడు.

సాయంత్రం చర్చి నిండింది. నికనోరా సంత నుంచి తిన్నగా వచ్చి, వెనక తలుపు దగ్గర నిలబడింది. లెయొకాదియో గబగబా పదకొండు మందివి కానిచ్చి, పేతురు కుర్చీ ముందుకొచ్చి మోకరించాడు. పోయినేటి "వీల్లేదు" వినడానికి పక్క ఊరి వాళ్ళు కూడా వచ్చారు.

మా ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. చెప్పు విడిచి, పాదం ఎత్తి బేసినులో పెట్టేశాడు. రెండు వేళ్ళు లేని పాదం. ముందు బల్లల వాళ్ళు చూశారు, వెనకవాళ్ళు లేచి నిలబడ్డారు. హసింత నోరు తెరిచింది, మూయడం మర్చిపోయింది.

"బాబాయ్, మాట!" అన్నాడు లెయొకాదియో గుసగుసగా. "నువ్వు కాదనాలి!"

"అననురా" అన్నాడు మా ఆయన, చర్చంతా వినేలా. "కాదన్నందుకే ఆ రెండూ పోయాయి. కాదన్నా వినని మనిషి ఏడాది పాటు మా గుమ్మం తొక్కబట్టి మిగతా కాలు మిగిలింది. కొట్టు స్థలం కోసమని కూసిన వాళ్ళు ఇటు వచ్చి ఈ కాలు చూసి పోండి. ఆ చేతుల్ని నేనేమన్నానో మీకందరికీ తెలుసు. మీ ముందే అన్నాను, మీ ముందే చెప్తున్నాను. ఆ చేతులే నన్ను నిలబెట్టాయి."

తలలన్నీ వెనక తలుపు వైపు తిరిగాయి. నికనోరాకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. శాలువా ముందుకి లాక్కుని, "అన్నా, పండగ పాడు చెయ్యకు, మాట చెప్పు! జనం అంత దూరం నించి వచ్చారు!" అంది.

ఎవరో నవ్వారు. తర్వాత ముసలి తిబుర్సియో తన కుర్చీలోంచి లేచి, వెనక్కి తిరిగి, ఆవిడ వైపు టోపీ తీశాడు. మిగతా అపొస్తలులూ లేచారు, ఒట్టి కాళ్ళతోనే. పాపం లెయొకాదియో మాత్రం చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కాదన్న పేతురుకి ఏం చెప్పాలో తెలుసు గాని, ఊరికే కాలు చాపిన పేతురుకి ఏం చెప్పాలో మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

నేనే మూడో బల్లలోంచి లేచాను. "ఏం చూస్తావయ్యా? కడుగు! నీళ్ళు చల్లారిపోతున్నాయి" అన్నాను.

లెయొకాదియో నీళ్ళు పోశాడు. మా ఆయన కాలు వెనక్కి లాక్కోలేదు.